చింతిస్తున్నాం

థియేటర్లోకి నన్ను రానివ్వకపోవడం ఇదే మొదటిసారి. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, దాని కింద ఆపరేషన్ థియేటర్ అని రాసి ఉంది, లోపల బల్ల మీద నాన్న, బయట ఇనుప కుర్చీలో నేను, నా పక్కన అమ్మ. ఏడున్నరకు తీసుకెళ్ళారు. ఇప్పుడు పదకొండు దాటింది, ఇంకో గంట పట్టొచ్చని నర్సు చెప్పి వెళ్ళింది. మా నాటకంలో మొదటి అంకం కూడా గంటే. ఆ గంటలో నాలుగొందల మంది కడుపు పట్టుకుని నవ్వుతారు, ముందు వరుసలో ఎవరో ఒకరికి పొలమారుతుంది, అట్టముక్కలతో చేసిన స్టేషన్ గదిలో నేను నల్లకోటు వేసుకుని, మూతికి మీసం అంటించుకుని, మా నాన్ననై కూర్చుంటాను. ఈ గంటలో మాత్రం నేను చేసే పని ఒక్కటీ లేదు. లోపల డాక్టరమ్మ నాన్న గొంతులో మాట పుట్టే చోటును తీసేస్తోంది. కాగితం మీద స్వరపేటిక అని రాశారు. సంతకం పెట్టేముందు అమ్మ ఆ మాట మీద వేలు పెట్టి, ఇదేనా తీసేది అని అడిగింది. ఇదే అన్నాను. కాసేపు దాన్నే చూసి, పేరు బాగుంది అని సంతకం పెట్టింది.

పేరు బాగుంది. అమ్మ నోట్లోంచి అప్పుడప్పుడూ ఇలాంటివి జారిపడుతుంటాయి, నేను ఏరుకుని సంచిలో వేసుకుంటాను. ఇప్పుడూ నా సంచిలో నోటు పుస్తకం ఉంది, ఆ మాట రాసుకోవాలని చేయి ఒకసారి కదిలింది కూడా, ఆ చేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నాను. ఏం మనిషిని నేను. మూల కుర్చీలో ఒకాయన గురక పెడుతున్నాడు, మొదట ఈల, తర్వాత చిన్న ఆగడం, తర్వాత పాత తలుపు తెరిచినట్టు కిర్రుమని ఒక చప్పుడు, ఆ ఆగడం ఎంతసేపో నా లోపల ఎవరో కొలుస్తున్నారు, అక్కడ ఇంకో అర క్షణం ఆగితే జనం పగలబడతారని చెబుతున్నారు. అంత్యక్రియల్లోనైనా వాళ్ళకు సెలవుండదు. మా పెదనాన్న పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను ఏడుస్తూనే, మా అత్తయ్య ఏడుపులో మాట ఎక్కడ విరుగుతోందో పట్టుకున్నాను, ఆ విరుపు తర్వాత ఒక నాటకంలో నర్సమ్మ పాత్రకు పనికొచ్చింది. అత్తయ్య ఆ నాటకం చూసి బాగా నవ్వింది. తనదే అని తెలియదు. ఎవరికీ తెలియదు, మన గొంతు బయటికి ఎలా వినబడుతుందో మనకు తెలియదు, అదే నా జీవనాధారం.

నాన్నకు మాత్రం తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు తన గొంతును ప్లాట్‌ఫారాల మీద తిరిగి వస్తుంటే విన్న మనిషి ఆయన. మీ నాన్న ఏం చేస్తారని బళ్ళో అడిగితే, రైళ్ళు ఆలస్యమైతే క్షమించమని అడుగుతారు అనేదాన్ని. అది నిజమే. సమయానికి వచ్చే రైళ్ళ సంగతి రికార్డు చేసిన ఆడగొంతు చూసుకునేది. ఆలస్యాలు, ప్లాట్‌ఫారం మారడాలు, తప్పిపోయిన పిల్లలు, ఎవరో వదిలేసి వెళ్ళిన పెట్టెలు, ఇవన్నీ నాన్న వాటా. మంచి కబురు ఒక్కటీ ఆయన నోట వచ్చేది కాదు, అయినా ఆ గొంతు వినగానే జనం బెంచీల మీద సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఇంట్లో పెద్దాయన మాట్లాడుతున్నట్టు. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. వంట కాలేదని అమ్మ అంటే, వంటింటి గుమ్మంలో నిలబడి, దయచేసి వినండి, వంట ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అనేవాడు. అమ్మ గరిటె చూపించేది. నేను ఐదేళ్ళప్పుడు స్నానాల గదిలోంచి అదే గొంతుతో, దయచేసి వినండి, తువ్వాలు ఆలస్యంగా నడుస్తోంది అన్నానట. నాన్న పరుగున వచ్చి, తలుపు అవతల నేనొక్కదాన్నే ఉన్నానని చూసి, మెట్టు మీద కూలబడి నవ్వాడట. ఆ రోజు నుంచి నా పేరు చిలక. తర్వాత నాటక సమాజంలో చేరితే వాళ్ళూ అదే పేరు ఖాయం చేశారు, గోడపత్రికల మీద కూడా అదే.

ఆ గొంతు పెట్టడం ఎలాగో నేర్చుకునేవాళ్ళకు చెబుతుంటాను. నాలుక మొదలును కిందికి అదమాలి, మాటను దవడల వెనక నిలబెట్టాలి, సగం ముక్కులోంచి పోనివ్వాలి, పొట్టలోంచి తోయకూడదు, ఊరికే వదలాలి, తొందరేమీ లేని మనిషిలా. దయచేసి అన్నాక ఆగాలి. ఆ ఆగడంలోనే ఉంది అంతా. ఆ ఆగడంలో జనం తమ రైలు గురించే అనుకుంటారు. మూడేళ్ళ కిందట నాకు వేషాలు లేక, తాగుబోతు కూతురు, పక్కింటి ముసలమ్మ, ఇంట్లోకి వచ్చి టీకప్పు పెట్టి వెళ్ళే పనిమనిషి, ఇవే చేస్తూ విసిగిపోయిన రోజుల్లో మా దర్శకుడు, నీ నోట్లో ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళలో ఒకణ్ణి పెట్టి నువ్వే రాసుకో అన్నాడు. మూడు వారాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. పక్క గదిలో నాన్న అమ్మతో మాట్లాడుతుంటే, ఇక్కడ నా కలం కదిలేది. ఇంట్లో ప్రతిదానికీ క్షమాపణ చెప్పే అనౌన్సరు, పెళ్ళిరోజు మర్చిపోయి ప్లాట్‌ఫారం మారిందని చెప్పేవాడు, కూతురు పుట్టిన ఆసుపత్రిలో, రావలసిన పాప రెండు గంటలు ఆలస్యం అని వరండా అంతా వినబడేలా చెప్పేవాడు. నాన్నకు వినిపించాను. ఈ చివరిది నేను చేయలేదే అన్నాడు. చేసేవాడివే నాన్నా అన్నాను. ఆలోచించి, మైకు ఉంటే చేసేవాణ్ణే అన్నాడు. పేరు ‘చింతిస్తున్నాం’ అని పెట్టాం. నూట నలభై ఆటలాడింది. వీధిలో పిల్లలు నన్ను చూసి దయచేసి అని ఆగేవాళ్ళు.

అమ్మ బొటనవేలితో చూపుడువేలి కొన రుద్దుకుంటోంది. యూనిఫారాలు కుట్టే దుకాణంలో రోజంతా కాజాలు కుడుతుంది, ఆ వేలి కొన మొద్దుబారి పోయింది, ఏదైనా ఆలోచిస్తుంటే దాన్నే రుద్దుతుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చాలాసేపటి నుంచి నా వైపే చూస్తున్నాడు. ఆయన భార్యకు పిత్తాశయంలో రాళ్ళట, పక్క థియేటర్లో ఉంది. కుర్చీ ముందుకు జరుపుకుని, నువ్వు ఆ రైల్వే నాటకంలో అమ్మాయివి కదూ అన్నాడు. అవునండీ అన్నాను. ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది, మా ఆవిడా నేనూ రెండుసార్లు చూశాం, రెండోసారి ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళజోడు పడేసుకుంది, సీట్ల కింద అందరం వెతికాం, అని చెబుతూ చెబుతూ థియేటర్ తలుపు చూసి ఆగిపోయాడు.

“ఒక్కసారి ఆ మాట అనమ్మా. నాకు గుండెల్లో దడగా ఉంది. ఇక్కడెవరూ ఏమీ అనుకోర్లే.”

నిజంగానే ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఆయన అడిగినదాంట్లో తప్పూ లేదు, నేను చేసే పనే అడిగాడు, రొట్టెల దుకాణంలో రొట్టె అడిగినట్టు. అమ్మ వేలు రుద్దుకోవడం ఆపింది. నా గొంతు బాగాలేదండీ అన్నాను. అయ్యో, వేడినీళ్ళు తాగమ్మా, గొంతు జాగ్రత్తగా చూసుకోవాలి, నీకు అదే కదా ఆధారం అన్నాడు పెద్దాయన. నేను తల ఊపాను. నా గొంతుకేమీ కాలేదు. ఇంత బాగా ఎప్పుడూ లేదు.

గొంతు జాగ్రత్తగా చూసుకోవాలి. చూసుకున్నాను, నాన్న గొంతును నా అంత జాగ్రత్తగా ఎవరు చూశారు. పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను, నాన్న తలుపు తీసి, వచ్చావా చిలకా అన్నాడు, అంతే, ఆ రెండు మాటల్లో నాకు ఏదో కొత్తగా వినబడింది. చివరి అక్షరం మీద సన్నటి జీర. గుడ్డ మీద గోరు గీసినట్టు. జలుబేమో అని అమ్మ అనుకుంది, అసలు అమ్మకు వినబడనే లేదేమో, రోజూ వినేవాళ్ళకు తెలియదు. నాకు తెలిసింది. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. నేను ఏం చేశాను? డాక్టరు దగ్గరికి వెళదాం పద నాన్నా అన్నానా? భోజనం చేసి, వెనక గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడి ఆ జీరను సాధన చేశాను. నాలుక మొదలు ఇంకాస్త అదిమి, గాలిని కొంచెం పక్కకు పోనిచ్చి, పదిసార్లు, ఇరవైసార్లు, దొరికేదాకా. మంగళవారం ఆటలో పెట్టాను. చింతిస్తున్నాం అనే మాట చివర సన్నగా విరిచాను. అంతవరకూ ఎన్నడూ రాని నవ్వు వచ్చింది, ముందు నవ్వు, దాని వెనకే జాలితో ఇంకో నవ్వు. తెర దించాక దర్శకుడు వచ్చి, ఆ జీర ఉంచెయ్, దాంతో ముసలాడికి ప్రాణం వచ్చింది అన్నాడు. ఉంచేశాను.

నూరో ఆటకు నాన్న వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు, రాత్రి డ్యూటీలు అనేవాడు, అసలు కారణం సిగ్గని అమ్మ చెప్పింది. ఆదివారం పగటి ఆట, మూడో వరుసలో చివరి సీటు ఇచ్చాను, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. రంగం మీది దీపాలు కళ్ళల్లో పడుతుంటే కింద ఉన్నవాళ్ళు కనబడరు, ఒక నల్లటి గొయ్యి, అందులోంచి నవ్వు వస్తుంది, అంతే. ఆ గోతిలో నాన్న ఎక్కడో ఉన్నాడని తెలిసి నేను ఆ రోజు ఆగాల్సిన చోట్ల ఇంకాస్త ఆగాను, నాలుగొందల నవ్వుల్లోంచి ఆయనది ఏరుకుందామని. దొరకలేదు. ఆట అయ్యాక మేకప్ గదిలోకి వచ్చాడు. నేను అప్పుడే మీసం ఊడదీస్తున్నాను, జిగురు పట్టి సగం ఊడింది, సగం వేలాడుతోంది. అద్దంలో నా వెనక నిలబడి, బాగుంది అన్నాడు. బాగా రాశావు అన్నాడు. తర్వాత బల్ల మీది పౌడరు డబ్బా మూత తీసి, పెట్టి, తీసి, ఆ చివర్లో బొంగురు పెడుతున్నావే, నిజంగా నాకు అలా వస్తోందా అని అడిగాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఆ ఒక్క క్షణంలో చెప్పాల్సింది, అవును నాన్నా, చలికాలం నుంచీ వస్తోంది, రేపే చూపించుకుందాం అనాల్సింది. నాకు భయమేసింది, జబ్బంటే కాదు, అంతకంటే చిన్న భయం. తెలిసీ ఊరుకుని దాన్ని నవ్వుకు వాడుకున్నానని ఆయనకు తెలుస్తుందని. వేలాడుతున్న మీసంతో అద్దంలో నవ్వి, లేదు నాన్నా, జనం కోసం నేనే కాస్త ఎక్కువ చేశాను అన్నాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. డబ్బా మూత పెట్టేశాడు. తర్వాత మూడు నెలలకు నీళ్ళు మింగినా నొప్పి అంటే అమ్మ చేయి పట్టుకుని లాక్కొచ్చింది. డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, ఒక రెండు మూడు నెలలు ముందు వచ్చుంటే కరెంటు, అదే రేడియేషన్, పెట్టి తగ్గించేవాళ్ళం, మాట మిగిలేది, ఇప్పుడు మనిషి మిగలాలంటే ఇది తీసేయాల్సిందే అని చెప్పింది. అమ్మ చేతిసంచి గట్టిగా పట్టుకుంది. నేను నేల వైపు చూశాను, నల్లా తెల్లా పలకలు, మా నాటకంలో ప్లాట్‌ఫారానికి కూడా ఇలాంటివే గీయించాం.

కిందటి వారమంతా చుట్టాలు వచ్చి పోయారు. ఎవరూ పైకి చెప్పలేదు గానీ ఆ గొంతు వినిపోవడానికే వచ్చారు. నాన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు, నొప్పి. మామయ్య మాత్రం సిగ్గుపడకుండా అడిగేశాడు, బావా, నేనెక్కే రైలు గురించి ఒక్కసారి చెప్పవా, ఊరికే, వినాలనుంది అన్నాడు. అక్క కసురుకుంటుందేమోనని అమ్మ వైపు చూశాడు. నాన్న మంచం మీద నిటారుగా కూర్చుని, రైలు నంబరుతో సహా, బయలుదేరే చోటుతో సహా, మధ్యలో ఆగే ఊళ్ళన్నీ వరసగా, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. గొంతు గరగరమంటూ అక్కడక్కడా గాలి మాత్రమే మిగిలింది. చివర్లో సరైన సమయానికే నడుస్తోంది అన్నాడు. ఆయన నోటినుంచి ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మామయ్య వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు.

గడియారం పన్నెండు కావస్తోంది. పెద్దాయన భార్యను బయటికి తెచ్చారు, ఆయన చక్రాల బండి పక్కన నడుస్తూ, వెనక్కి తిరిగి నాకు చేయి ఊపాడు. అమ్మ నోరు విప్పింది. నా వైపు చూడకుండా, తలుపు మీది దీపం వైపే చూస్తూ.

“ఆ నాటకం ఆపెయ్యమని నేననను. అది నీ పని. కానీ ఇంట్లో మాత్రం ఆయన గొంతు పెట్టకే.”

“పెట్టనమ్మా.”

“వెనక గదిలోంచి వినబడిందనుకో, నేను పలికేస్తాను.”

నేను అమ్మ చేయి అందుకున్నాను. మొద్దుబారిన ఆ వేలి కొన నా అరచేతిలో గరుకుగా తగిలింది. అప్పుడు చెప్పేద్దామనిపించింది, అమ్మా, నాకు ముందే తెలుసు అని. ఉదయం ఆయనకు చెప్పబోయినట్టే. ఏడుంబావుకు నాన్నకు ఆకుపచ్చ గౌను తొడిగారు, వెనక ముడులు నేనే వేశాను, అమ్మ కింద మందులు తేవడానికి వెళ్ళింది. బండి మీద పడుకోబెట్టారు. వార్డు బాయి వచ్చి బ్రేకు తీస్తున్నాడు, ఇంకొక్క నిమిషం ఆయనకు మాట ఉంటుంది, ఆ తర్వాత ఉండదు, ఆ నిమిషం నేను తీసుకోవచ్చా, అమ్మకు మిగల్చాలా, ఏమీ తెలియకుండానే నా నోరు తెరుచుకుంది. నాన్నా, ఆ రోజు మేకప్ గదిలో నేను, అని అంతవరకే వచ్చింది. నాన్న దుప్పటిలోంచి చేయి తీసి నా మణికట్టు పట్టుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

“తెలుసమ్మా. నువ్వు ఎక్కువ చేయలేదు. ఉన్నదాని కంటే ఎక్కువ నువ్వెప్పుడూ చేయవు.”

మరి ఎందుకు ఊరుకున్నావు నాన్నా అని అడిగాను, నా గొంతే నాకు కొత్తగా ఉంది. ఆయన పైకప్పు వైపు చూశాడు. నాకూ ఆ మాటే కావాల్సి వచ్చింది, నువ్వు ఇచ్చావు, పుచ్చుకున్నాను అన్నాడు. అంతలో అమ్మ మందుల సంచితో పరుగులాంటి నడకతో వచ్చింది, బండి కదిలింది, థియేటర్ తలుపు దాకా అమ్మ పక్కనే నడిచింది, ఆయన ఆమెతో ఏదో అన్నాడు, ఆమె వంగి విన్నది, ఏమన్నాడో నేను అడగలేదు, అడగను. నాలుగున్నర గంటలుగా ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నాను. పుచ్చుకున్నాను. క్షమించానని కాదు అది. నీ తప్పు లేదనీ కాదు. ఇద్దరం కలిసి చేశాం అన్నట్టుంది, బరువైన బల్లకు రెండో వైపు చేయి వేసినట్టు. బరువేమీ తగ్గలేదు. మోసేవాళ్ళం ఇద్దరమయ్యాం.

ఎర్ర దీపం ఆరింది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, అంతా తీసేశాం, చుట్టుపక్కలకు పాకలేదు, మనిషికి భయం లేదు అంది. అమ్మ రెండు చేతులూ జోడించింది. మమ్మల్ని లోపలికి వదిలేసరికి నాలుగయింది. మంచం కాస్త ఎత్తి పెట్టారు. మెడ కింద చిన్న రంధ్రం, అందులో గొట్టం, ఊపిరి అక్కడి నుంచి వచ్చిపోతోంది, సన్నగా, సైకిలు చక్రంలో గాలి కొట్టినట్టు. కళ్ళు తెరిచే ఉన్నాడు. అమ్మ వెళ్ళి పాదాల దగ్గర నిలబడి దుప్పటి సర్దింది, సర్దినదాన్నే మళ్ళీ సర్దింది. అప్పుడే డ్యూటీ మారినట్టుంది, కొత్త నర్సు వచ్చింది, చిన్న పిల్ల, చేతిలో అట్ట, కలం. మత్తు దిగిందో లేదో చూడాలి కాబోలు, అలవాటు కొద్దీ చిరునవ్వుతో, మీ పేరు చెప్పండి అంది.

నాన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. నర్సు అట్ట వైపు చూసి, నాలుక కరుచుకుని, ఎర్రబడిపోయింది. నాన్న నా వైపు చూశాడు. పాదాల దగ్గర నుంచి అమ్మ కూడా నా వైపే చూసింది. ఆ గొంతు నా దవడల వెనక వచ్చి నిలబడింది, వేషం వేసుకుని తెర పక్కన నిలబడ్డ మనిషిలా, అడుగు వేయడమే తరువాయి. దాన్ని అక్కడే ఉండమన్నాను. నాన్న పేరు చెప్పాను, నా గొంతుతోనే. తర్వాత, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కొత్త వేషగత్తెలా నిలబడి, ఏమనుకోకండి సిస్టర్, మా నాన్న ఇవాళ కాస్త లేటు అన్నాను.

నాన్న భుజాలు కదిలాయి. పొట్ట ఎగిరెగిరి పడింది. నర్సు కంగారుగా గొట్టం మీదికి వంగింది. అమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపి, దగ్గు కాదమ్మా, నవ్వుతున్నారు అంది.

చప్పుడు లేదు. చీకట్లోంచి వచ్చే చప్పుడును నమ్ముకుని బతికినదాన్ని, నవ్వారా లేదా అని నేను ఇంతవరకూ ఎవరి మొహమూ చూసి తెలుసుకోలేదు. ఇకమీదట ఈ మనిషి నవ్వాడో లేదో తెలియాలంటే తల తిప్పి చూడాల్సిందే. తిప్పాను. నొప్పికి నుదురు ముడుచుకుంటూనే, కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, చాలు చాలు అన్నట్టు అరచేయి కొంచెం పైకెత్తి, నాన్న నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం అయ్యేదాకా నేను కళ్ళు తిప్పలేదు.